కర్ఫ్యూ ఒళ్ళు

గరిటె ఒక్కవైపే తిప్పాలి. కుడి నుంచి ఎడమకి, ఆపకుండా, మంట చూసుకుంటూ. చెయ్యి ఒక్క నిమిషం ఆగిందా, ఎండిన పెరుగు ఉండలు నానబెట్టి, పిసికి, వడకట్టి పొయ్యెక్కించిన ఈ జమీద్ పులుసు పుటుక్కున విరిగిపోతుంది. విరిగిన పులుసు పోసి పంపితే కరక్ కొండల్లో ఏ ఇంటి పరువూ ఆ పళ్ళెం దాటి బతకదు. అందుకని నౌఫా తిప్పుతోంది. పక్కగదిలో ఇరవై ఇద్దరు మగవాళ్ళు తన గురించి తేల్చడానికి వచ్చి కూర్చుంటే, వాళ్ళ కడుపుల కోసం తనే గుండిగ ముందు నిలబడి తిప్పుతోంది. మూడు నెలల క్రితం మొగుణ్ణి వదిలి తమ్ముడింటికి వచ్చేసిన ఆడదాన్ని వెనక్కి తీసుకెళ్ళడానికి మొగుడి తరఫు పెద్దమనుషులు జాహా కట్టి రాయబారానికి వచ్చారు. వచ్చినవాళ్ళకి వండి పెట్టాల్సింది మళ్ళీ ఆ ఆడదే. సంతలో అమ్మకానికి నిలబెట్టిన మేకని తన తాడు తనే పట్టుకోమన్నట్టుంది. మరదలు ఖితాం వండొచ్చు కదా అంటే, ఖితాం చేతిలో పులుసు విరగని రోజు లేదు. ఖితాం కేకులు మాత్రం చేస్తుంది.

ఇందాక వంటింటి కిటికీలోంచి వాళ్ళు కార్లు దిగడం చూసింది. దిగడమా అది? ముందు ఒక కాలు బయటికొస్తుంది, తర్వాత ఒక చెయ్యి కారు టాపుని పట్టుకుంటుంది, తర్వాత పొట్ట వస్తుంది, ఆ పొట్ట వెనకాల, అద్దెకున్నవాడిలా, మనిషి వస్తాడు. రెండేళ్ళనాటి పొడుగు చొక్కాలు పొట్ట దగ్గర పైకి లేచి చీలమండలు కనబడుతున్నాయి. కొందరివి పక్కలు విప్పించి మధ్యన కొత్త గుడ్డ అతికించారు, దర్జీ దగ్గర ఆ రంగు దొరక్క ఒక్కో చొక్కాకి చంక నుంచి మోకాలి దాకా పాలిపోయిన చార ఒకటి దిగుతోంది. ఆ చార కొలిస్తే చాలు, ఎవరు ఎన్నాళ్ళు ఇంట్లో కూర్చుని ఎంత మింగారో లెక్క తేలిపోతుంది. కర్ఫ్యూ ఒళ్ళు అని ఊళ్ళో దానికి పేరు. రోగం వచ్చి కర్ఫ్యూ పెట్టిన మొదటి వారం మునిసిపాలిటీ బస్సులు వీధుల్లో రొట్టెలు పంచినప్పుడు, ఆ రొట్టెలతో పాటే గవర్నమెంటువాళ్ళు ఇంటింటికీ ఈ ఒళ్ళు కూడా పంచిపోయినట్టు చెప్పుకుంటారు. "ఏం చేస్తాం, కర్ఫ్యూ కదా" అంటారు, పొట్ట నిమురుకుంటూ, గాయపడి వచ్చిన సైనికుల్లా. ఒక్క అబూ ఫవ్వాజ్ మాత్రం డెబ్భై దాటినా ఎండు కర్రలా దిగాడు. జాహాకి పెద్ద ఆయనే. ఆయన వెనక మొగుడు హాయెల్ దిగాడు. నౌఫా కిటికీ రెక్క వేసేసింది.

పొయ్యికి అవతల పీట మీద హాయెల్ అక్క ఇంతిసార్ కూర్చుని ఉంది. ఆడవాళ్ళ తరఫున వచ్చింది, వచ్చినప్పట్నుంచీ అన్నం మీద చల్లడానికి వేయించి పెట్టిన బాదంపప్పులు ఒక్కొక్కటే తీసి నోట్లో వేసుకుంటోంది.

"ఎండుకుపోయావే నౌఫా. పుట్టింటికొస్తే ఎవరైనా ఒళ్ళు చేస్తారు, నువ్వేంటి ఇలా?"

"బాగానే ఉన్నాను వదినా."

"ఏం బాగు? మావాడు తిండి పెట్టలేదనుకుంటారు చూసినవాళ్ళు. వాడి పేరు పోగొట్టడానికే చిక్కినట్టున్నావు."

నౌఫా గరిటె తిప్పింది. నా ఒంట్లోంచి ఇరవై ఆరు కిలోలు పోతే ఆయన పేరు పోయిందట. ఆయన ఒంట్లోకి ముప్ఫై మూడు వచ్చి చేరితే అది ఎవరి పేరో. ఆ ఇంట్లో బరువు ఎక్కడికీ పోలేదు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారింది, అంతే. పైన ఏడు కిలోలు వడ్డీ.

ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పమంటే ఆమెకి వాసనే గుర్తొస్తుంది, పులిసిన పిండి వాసన. సాయంత్రం ఆరింటికి సైరన్ మోగేది, పొద్దున పదింటిదాకా తలుపు దాటకూడదు, శుక్రవారమైతే రోజంతా దాటకూడదు. సైన్యంలో ఇరవై ఏళ్ళు ప్యాంటు మడత నలగకుండా బతికిన హాయెల్ పింఛను తీసుకుని ఇంటికొచ్చిన ఏడాదికే ఈ తెగులు వచ్చిపడింది. నాలుగు రోజులు చిలకలా బుద్ధిగా వార్తలు చూశాడు. ఐదో రోజున వంటింటి గుమ్మంలో నిలబడి డబ్బాల హాజరు పట్టీ వేశాడు. పిండి ఎంత, నెయ్యి ఎంత, గసగసాలున్నాయా. ఆ తర్వాత ఫోనులో ఎవడెవడో మగవంటగాళ్ళని చూస్తూ ఆర్డర్లు వేయడం. ఇవాళ కునాఫా మిఠాయి, రేపు మాంసం కూరిన ద్రాక్షాకులు, ఎల్లుండి నూనెలో ఊరిన వంకాయలు. నౌఫా రోజుకి ఆరుసార్లు పొయ్యి వెలిగించేది. ఆయన టీవీ ముందు పరుపు మీద పక్కకి ఒరిగి, పోయినవాళ్ళ లెక్క చదువుతుంటే "లా హౌల" అని దేవుణ్ణి తల్చుకుని నిట్టూరుస్తూ చెయ్యి పళ్ళెంలోకి పంపేవాడు. పంపేవాడని కూడా కాదు, ఆ చెయ్యి ఆయన్ని అడగడం మానేసింది. కళ్ళు టీవీ మీద, చెవులు లెక్క మీద, చెయ్యి మాత్రం పక్క ఊరికి రోజూ పోయే బస్సులా పళ్ళేనికీ నోటికీ మధ్య తిరుగుతూనే ఉండేది. ఒకసారి పరీక్షకని పచ్చి శనగలు పోసి పెట్టింది. గుప్పెడు నమిలాక, కళ్ళు తిప్పకుండానే, "ఉప్పు తగ్గింది" అన్నాడు. నౌఫా వంటింట్లోకి వచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వాక భయమేసింది. ఆ రోజు గిన్నెలో గులకరాళ్ళు పోసినా ఆ మాటే అనేవాడు.

ఆయన ఒక్కడే అయితే పోనీ అనుకునేది. ఊరు ఊరంతా అదే తంతు. మొదటి వారం ప్రతి మేడ మీదా ఎవరో ఒకరు నడిచేవాళ్ళు, చేతులు ఊపుకుంటూ, సర్కసులో కొత్తగా చేరినట్టు, ఒకళ్ళనొకళ్ళు పిలుచుకుంటూ. రెండో వారానికి మేడల మీద కుర్చీలు వెలిశాయి. మూడో వారానికి టీ కెటిళ్ళు, నాలుగో వారానికి బొగ్గుల పొయ్యిలు, కోడి వాసన. తమ్ముడు సత్తాం అయితే ఫోను గోడకి ఆనించి, బోర్లా పడుకుని, దండీలు తీస్తూ వీడియో పంపించాడు. నాలుగో రోజుకి అందులో పడుకోవడం ఒక్కటే మిగిలింది. ఖితాం కేకులు చేసి ఫోటోలు పెట్టేది. కేకు ఒక రోజు, ఫోటో ఒక రోజు, పొగడ్తలు ఒక రోజు, ఆ వారం అంతా మళ్ళీ కేకు. బజార్లో ఈస్టు పొట్లం దొరక్క ఆడవాళ్ళు కొట్టుకున్నారు. ప్రాణాలు పోతాయని తలుపులేసుకుని, ఆ తలుపుల వెనకాల ప్రాణం మీదికి తెచ్చుకున్నారు, ముసుగులు మాత్రం ముక్కుకి తగిలించుకుని.

నౌఫాకి మేడ ఎక్కాలన్న ఆలోచన ఎవరో చెప్తే రాలేదు. తొంభై నాలుగు కిలోలుండేది అప్పుడు. కర్ఫ్యూకి ముందు ఆరోగ్య కేంద్రంలో నర్సు వేలికి సూది గుచ్చి, "చక్కెర గుమ్మం దాకా వచ్చింది, అమ్మా. లోపలికి పిలుస్తావో, తిప్పి పంపుతావో నీ ఇష్టం" అంది. నౌఫా వాళ్ళమ్మకి అది లోపలికి వచ్చింది. ముందు బొటనవేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కింద దాకా. చివరి రెండేళ్ళూ అమ్మ మంచం మీద కూర్చుని లేని పాదాన్ని గోక్కునేది, "ఇక్కడే, ఇక్కడే దురదమ్మా" అని దుప్పటి మీద ఖాళీ చోటు చూపించేది. నౌఫా ఆ ఖాళీ చోటుని గోకేది. అదొక్కటి చాలు. సైరన్ మోగాక, రాత్రి వంటకి పిండి కలిపి మూతేసి, మేడెక్కేది. నీళ్ళ ట్యాంకుల చుట్టూ, డిష్షు చుట్టూ, బట్టల తీగల కింద తల వంచుకుని, ఒక చుట్టుకి నలభై ఒక్క అడుగులు. మొదటి రోజు తొమ్మిది చుట్లకే రొప్పు వచ్చి ట్యాంకుకి ఆనుకుని ఏడ్చింది. ఏడాది తిరిగేసరికి రెండొందలు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది, చెప్పినవాళ్ళందరూ కుర్చీలేసుకున్నారు.

మేలు జరిగిందని ఒక్కళ్ళూ అనలేదు. కర్ఫ్యూ సడలిన మొదటి పెళ్ళిలో ఆడవాళ్ళు ఆమె నడుం పట్టుకు చూసి, "రోగమా? కాన్సరా? మొగుడు ఇంకోదాన్ని చూశాడా?" అన్నారు. ఈ మూడు తప్ప ఆడది చిక్కడానికి ఇంకో దారి లేదన్నట్టు. మనసులో వాళ్ళందర్నీ వరసగా తిట్టుకుంది. గురువారం గురువారం మందుల షాపులో తూకం మిషనెక్కి ముల్లు చూసుకుని, బయటికొచ్చి, ఎదురొచ్చిన ప్రతివాళ్ళనీ కళ్ళతోనే తూచేది. వీడు తొంభై, ఇది నూటపది, అదిగో అది నడిచే బస్తా. అలా తూచడంలో ఒక నీచమైన సుఖం ఉంది, ఆ సంగతి ఆమెకి తెలుసు. రాత్రిపూట హాయెల్ మెట్లెక్కుతూ రొప్పుతుంటే, ఆ రొప్పు విని ఆమె నోరు తీపెక్కేది. అందుకు సిగ్గుపడింది కూడా, కానీ సిగ్గు పడ్డంతసేపు సుఖం పడలేదని అనడానికి లేదు.

ఆయనకీ తెలిసిపోయి ఉంటుంది. వెలుగులో ఎదురెదురుగా నిలబడితే, ఒకప్పుడు ఆయన సన్నగా, ఆమె లావుగా, ఇప్పుడు బొమ్మ తిరగేసినట్టు. "ఊళ్ళో మొహం చూపించుకోలేకపోతున్నా నీ వల్ల" అన్నాడు ఒకరోజు. ఇంకోరోజు పళ్ళెం తోసేశాడు, ఆమె కూడా పక్కన కూర్చుని తింటే గానీ తిననని. చివరికి మేడ తలుపుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, పరుపు మీద ఒరిగి, "నడవాలా? నా చుట్టూ నడు. ఆ మేడ కంటే పెద్ద చుట్టే వస్తుంది" అన్నాడు. అని నవ్వాడు. పొట్ట కదిలేలా, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు, పక్కనున్న ఇంతిసార్ కూడా నవ్వింది. నౌఫా ఆ పూట రొట్టెలు కాల్చి, వడ్డించి, గిన్నెలు కడిగి, బట్టలు సంచిలో సర్దుకుని, తమ్ముడింటికి నడిచే వచ్చింది. పదకొండు కిలోమీటర్లు. కాళ్ళు నొప్పి పుట్టలేదు. దార్లో ఒక్కసారి వెనక్కి చూసింది, వస్తాడేమోనని కాదు, రాలేడని తెలిసి.

"వదినా, మొదలెట్టారు" అంది ఖితాం. మగవాళ్ళ గదికీ వంటింటికీ మధ్య తలుపు ఓరగా ఉంది. ఖితాం ఆ సందులో ఒక కన్ను పెట్టి నిలబడింది. "కాఫీ పోశారు. పెద్దాయన గిన్నె చేతిలోకి తీసుకున్నాడు... కింద పెట్టేశాడు. చిన్న బల్ల మీద."

పెడతాడు. అది తెలిసిందే. అడగడానికి వచ్చిన పెద్ద తన ముందుకొచ్చిన కాఫీ ముట్టకుండా పెడతాడు, అడిగింది ఇస్తానని ఇంటాయన అనేదాకా ఎవరూ తాగరు. "తాగండి, మీరడిగింది ఇచ్చాను" అంటే పని అయినట్టు. అనకపోతే కాఫీ చల్లారిపోతుంది, వచ్చినవాళ్ళు గడప దాటిపోతారు, ఆ మచ్చ ఆ ఇంటి మీద మనవల దాకా ఉంటుంది. పొద్దున సత్తాం ఆమె మొహం చూడకుండా, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, "ఇరవైమంది ముందు కాఫీ చల్లారనివ్వలేను అక్కా" అన్నాడు. అంటే ఇచ్చేస్తున్నాడన్నమాట. ఆమెని అడగలేదు. ఎవరు అడుగుతారు? గిన్నెడు కాఫీకి వేడి తగ్గకుండా ఉండాలంటే ఆమె రెండు కాళ్ళూ తాళం వెనక్కి పోవాలి. సాయంత్రానికల్లా ఆ పరుపు, ఆ టీవీ, ఆ పళ్ళెం. పక్కన కూర్చుని తినాలి. పదేళ్ళకో, ఎనిమిదేళ్ళకో, దుప్పటి మీద ఖాళీ చోటు.

అబూ ఫవ్వాజ్ గొంతు తలుపు సందులోంచి వస్తోంది, నిదానంగా, ప్రతి మాటా తూచి. "సత్తాం, అబ్బాయీ, మీ నాన్నా నేనూ ఒకే కంబళి కింద పడుకున్నవాళ్ళం. మేమొచ్చిన పని నీకు తెలుసు. పని అయ్యేదాకా ఈ కాఫీ ముట్టం." ఆ తర్వాత వంశాల గొప్ప మొదలైంది, ఎవరి తాత ఎవరి తాతకి కరువులో గోధుమలిచ్చాడు, ఎవరి ముత్తాత ఎవర్ని వరదలోంచి లాగాడు. ఒకప్పుడు గుర్రాల మీద తిరిగినవాళ్ళ కథ, ఇప్పుడు కారు సీట్లలోంచి లాగాల్సినవాళ్ళు వింటున్నారు.

"వదినా" అంది ఖితాం, గొంతు మారిపోయి. "మీ ఆయన చెయ్యి..."

"ఏమైంది?"

"కదుల్తోంది. బల్ల మీదకి పోతోంది."

నౌఫా గరిటె ఇంతిసార్ చేతిలో కుక్కింది. "తిప్పు వదినా. ఒకవైపే." తలుపు దగ్గరికెళ్ళి ఖితాం తల మీదుగా చూసింది.

హాయెల్ అబూ ఫవ్వాజ్ పక్కనే, బల్లకి దగ్గరగా కూర్చున్నాడు. కళ్ళు పెద్దాయన మొహం మీదే ఉన్నాయి, భక్తిగా, కొంచెం తడిగా కూడా, తాతల గొప్ప విని మనసు కరిగినట్టుంది. చెయ్యి మాత్రం ఆ సభలో లేదు. అది తన దారిన బల్ల మీదికి పోయింది, అబూ ఫవ్వాజ్ పెట్టిన గిన్నె చుట్టూ వేళ్ళు చుట్టింది, పైకి లేచింది, నోటిదాకా వెళ్ళింది. ఒక్క గుక్క. తర్వాత ఇక చాలని చెప్పడానికి ఎప్పుడూ చేసినట్టే గిన్నెని అటూ ఇటూ ఊపి బల్ల మీద పెట్టింది. పెట్టి, పక్క పళ్ళెంలోంచి ఒక ఖర్జూరం తీసుకుంది.

అబూ ఫవ్వాజ్ మాట మధ్యలో ఆగిపోయింది.

"తాగావా?"

"ఏంటి పెద్దనాన్నా?" అన్నాడు హాయెల్, ఖర్జూరం నములుతూ.

"కాఫీ."

హాయెల్ గిన్నె వైపు చూశాడు. తర్వాత తన చెయ్యి వైపు చూసుకున్నాడు, ఎవరో తెలియని మనిషి తన చెయ్యి ఆయన ఒళ్ళో మర్చిపోయి పోయినట్టు. "నేనా?" అన్నాడు.

ఎవరో ముక్కులోంచి ఒక్క శబ్దం వదిలి దగ్గులా మార్చారు. ఇంకెవరో, "ఏం కొంపలు మునగలేదు, ఇంకో గిన్నె పోయించండి" అన్నారు. అబూ ఫవ్వాజ్ చెయ్యెత్తి ఆపాడు. "యాభై ఏళ్ళుగా జాహాలు నడిపాను. హత్యల్లో నడిపాను. మూడు గంటలు కాఫీ ముందు పెట్టుకుని నాలిక పిడచకట్టుకుపోయినా కూర్చున్నాను. కాఫీ తాగినవాళ్ళకి అడగడానికేమీ లేనట్టే. ఇక నాకు నోరు లేదు."

నౌఫా వెనక్కొచ్చి గరిటె అందుకుంది. ఇంతిసార్ ఇచ్చేసి పీట మీద కూలబడింది, ఈసారి బాదంపప్పు తీయలేదు. పులుసు విరగలేదు. నౌఫా తనకి నవ్వు వస్తుందనుకుంది గానీ రాలేదు, ఆ చెయ్యినీ, దాన్ని చూసిన ఆ కళ్ళనీ తల్చుకుంటే ఒక క్షణం జాలేసింది. ఆ మనిషి ఒకప్పుడు తుపాకి విప్పి, నూనె రాసి, కళ్ళు మూసుకుని మళ్ళీ బిగించేవాడు అదే చేత్తో. ఒక క్షణమే. తర్వాత అసహ్యం తన చోటుకి తను వచ్చి కూర్చుంది.

సత్తాం వంటింట్లోకి వచ్చాడు. నుదురంతా చెమట.

"నవ్వకక్కా."

"నవ్వట్లేదురా."

"పెద్దాయన అడగనంటున్నాడు. వాళ్ళడగందే నేను ఇచ్చాననలేను, ఇవ్వననీ అనలేను. ఇలాంటిది ఎక్కడా వినలేదు." పులుసు కేసి చూశాడు. ఏ పెద్దమనిషీ ఏ దారీ చెప్పకపోయేసరికి, తప్పనిసరై, తల ఎత్తి ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వేమంటావు?"

మూడు నెలలుగా ఈ ప్రశ్న కోసం ఆమె లోపల ఒక జవాబు కట్టి పెట్టుకుంది, పొడుగాటిది, అమ్మ పాదంతో మొదలై పరుపు మీది నవ్వు దాకా. తీరా అడిగేసరికి అంత జవాబూ ఎందుకో అనవసరమనిపించింది.

"వెళ్ళను" అంది. "మళ్ళీ వస్తామంటే నన్నడగడానికి రమ్మను, నిన్ను కాదు. ఇప్పుడు అన్నం పెట్టు. మూడు గొర్రెలు పడ్డాయి, తినకుండా పంపితే తలవంపు మనకే."

సత్తాం ఊపిరి వదిలాడు. అక్క ఉంటున్నందుకా, అన్నం గురించి మాట వచ్చినందుకా, తెలియలేదు. పల్చటి రొట్టెలు పరిచి, అన్నం గుట్టలు పోసి, మాంసం పేర్చి, మీద పులుసు పోసి, నలుగురు నలుగురు మోసే పళ్ళేలు లోపలికి పోయాయి. మొదట వేళ్ళతో అన్నం ఉండలు చుట్టే చప్పుడు, ఎముక విరిచే చప్పుడు, రొప్పు. తర్వాత ఎవరో కాఫీ మీద జోకేశారు, ఇరవైమందీ నవ్వారు. తర్వాత టైర్ల ధరలు, తర్వాత ఈ ఏడు వాన పడుతుందా పడదా అన్న సంగతి. నౌఫా తలుపు పక్కనే నిలబడి విన్నది. మెతుకు అన్నం మిగలకుండా తిన్నారు గానీ ఆమె పేరు ఒక్కరి నోటా రాలేదు. రాయబారం ఉదయమే రద్దయిపోయి, భోజనానికే పిలిచినట్టుంది.

అప్పుడు లోపలి నుంచి హాయెల్ గొంతు వచ్చింది, నోరు నిండుగా ఉన్న గొంతు. "పులుసు ఇంకొంచెం ఉందా?"

ఖితాం చెంబు పట్టుకుని నౌఫా వైపు చూసింది, ఏం చెయ్యమంటావన్నట్టు.

"అంచుదాకా పోసెయ్యి" అంది నౌఫా. "ఇంత దూరం వచ్చి ఆ మనిషి నోరు తెరిచి అడిగింది అదొక్కటే."